తెలిసిన మచ్చు

కందిపప్పు బస్తా బేరమాడేటప్పుడు మా నాన్నగారు మూతి దగ్గరి గింజ వైపు కన్నెత్తి చూసేవారు కాదు. మూతి దగ్గర ఎప్పుడూ మంచి గింజే ఉంటుంది, అమ్మేవాడికి ఆ మాత్రం తెలివి లేకపోతే వ్యాపారంలోకి ఎందుకొస్తాడు అనేవారు. గోనెలోకి ఇనప గొట్టం గుచ్చి, నడుములోంచి ఒక గుప్పెడు, అడుగులోంచి ఒక గుప్పెడు లాగి, అరచేతిలో పోసుకుని ఊదేవారు. తాడేపల్లిగూడెంలో మా కొట్టు అరుగు మీద నేను ఎక్కాల కంటే ముందు నేర్చుకున్నది ఆ గుచ్చడం.

దళారీ మీద అనుమానం వస్తే ఆయన దగ్గర ఇంకో ఉపాయం ఉండేది. అమ్మకానికి పెట్టిన మచ్చుల మధ్యలో మా వంటింటి డబ్బాలో పప్పు కూడా ఓ పొట్లం కట్టి పెట్టేవారు. అది ఎలాంటి పప్పో మాకు తెలుసు, రోజూ తింటున్నదే. దాని పేరు తెలిసిన మచ్చు. "మనకి తెలియని సరుకు గురించి వాడేం చెప్పినా తలూపాల్సిందే. తెలిసినదాని గురించి ఏం చెప్తాడో చూడు. అప్పుడు సరుకు సంగతి కాదు, వాడి సంగతి తెలుస్తుంది" అనేవారు.

అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల ఎలా తయారవుతుందో చెప్పక్కర్లేదు. పెళ్ళిచూపులయ్యాక అబ్బాయి నచ్చాడా అని అమ్మ అడిగితే, "ఇంకో రెండు చూపిస్తారేమో అడగండి" అన్నానని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఎవరూ చూపించలేదు. ఉన్నాయన్నే చేసుకుని ఏలూరు వెళ్ళాను. వాళ్ళది స్టీలు సామాన్ల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మామగారు అప్పటికే పోయారు. ఇంట్లో అత్తగారు, మావారు, నేను. బావగారు, తోడికోడలు కైకలూరులో చేపల మేత కొట్టు పెట్టుకుని అక్కడే స్థిరపడ్డారు.

మా బాబు నా కడుపులో ఉన్న ఏడాదే కొల్లేరులో సర్కారువాళ్ళు చేపల చెరువుగట్లు కొట్టేశారు. అదే ఏడాది జిల్లాకి జిల్లా అంతా చికున్‌గున్యాతో కుంటింది. అయిదో నెలలో కైకలూరులో తోడికోడలి గృహప్రవేశానికి వెళ్ళాను. నాకు వెళ్ళాలని లేదు. "పెద్దకోడలి ఇంట్లో శుభకార్యానికి చిన్నకోడలు రాకపోతే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు అత్తగారు. వచ్చిన వారంలోనే ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆ తర్వాత చాలా రోజులు గ్లాసు పట్టుకోవాలన్నా వేళ్ళు వంగేవి కావు. ఆ ఏడాది జ్వరం రాని ఇల్లు మా వీధిలో లేదు కాబట్టి దాని గురించి ఎవరం పెద్దగా ఆలోచించలేదు. బాబు నెలలు నిండాక బొద్దుగా పుట్టాడు.

నడక వచ్చాక వాడు కొట్టులో గిన్నెల మూతలు తీసి బొంగరాల్లా తిప్పేవాడు. ఒకటి ఆగకముందే ఇంకొకటి. కొనడానికొచ్చినవాళ్ళు చూసి, "మూత భలే సమంగా ఉందండీ, ఎంతసేపు తిరుగుతోందో" అని గిన్నెతో సహా కొనుక్కుపోయేవారు. మావారు మురిసిపోయారు. నేనూ తక్కువ తినలేదు. నా కొడుకు నడక నేర్చుకుంటూనే వ్యాపారం పట్టేశాడు అనుకున్నాను. అయితే పేరు పెట్టి పిలిస్తే తిరిగేవాడు కాదు. చెవుడేమో అనుకుందామంటే, వీధి చివర మూత పడ్డ చప్పుడుకి కూడా ఠక్కున తిరిగేవాడు. మూడేళ్ళు వచ్చినా నన్ను అమ్మా అనలేదు. విజయవాడలో పిల్లల నరాల డాక్టరమ్మగారికి చూపిస్తే, చాలాసేపు వాడితోపాటు నేల మీద కూర్చుని ఆడి, లేచి, ఆటిజం అన్నారు. మాటలు నేర్పే టీచరు దగ్గరకి పంపించారు.

ఎందుకొచ్చింది అని నేను అడిగాను. ఇంకా సరిగ్గా ఎవరికీ తెలియదమ్మా అన్నారావిడ. తెలియదు అన్న మాట నాకు అలవాటు లేదు. మా వీధిలో తెలియదని చెప్పిన కొట్టువాణ్ణి నేను చూడలేదు. ఏదో దాస్తున్నారు అనుకున్నాను.

తెలియాల్సింది చింతపండు పొట్లంలో వచ్చింది.

పొట్లం కాగితాన్ని చదవకుండా పారేయడం మా రెండిళ్ళలోనూ లేదు. డబ్బిచ్చి తెచ్చినదాంట్లో కాగితం మాత్రం ఎందుకు వృథా పోవాలి? ఆ రోజు వంటింటి గట్టు మీద చింతపండు సీసాలోకి వెళ్ళిపోయి ఉంది. కాగితం మాత్రం నాలుగు మడతలు విప్పి, చేత్తో చదును చేసి పెట్టి ఉంది. ఏదో ఆదివారం అనుబంధంలో పేజీ. ఆటిజం తల్లి నుంచేనా, అని మకుటం. చివర ప్రశ్నగుర్తు ఉందో లేదో చింతపండు మరక కింద తెలియలేదు. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి గట్టి జ్వరం వస్తే, ఆ జ్వరంతో పోరాడే ఒంటి శక్తులు బిడ్డ మెదడు మీద కూడా ప్రభావం చూపిస్తాయేమోనని కొందరు శాస్త్రవేత్తలు అనుకుంటున్నారట. కొందరు తల్లుల రక్తంలో పుట్టే యాంటీబాడీలు బిడ్డలోకి వెళ్ళి, అక్కడ తయారవుతున్న మెదడుని పరాయిదనుకుంటాయేమోనట. థైరాయిడ్, కీళ్ళవాతం లాంటి జబ్బులున్న తల్లుల్ని కూడా చూస్తున్నారట. "అందువల్ల తల్లులు" అన్నంతవరకు ఉంది. తల్లులు ఏం చెయ్యాలో, ఇంకెవరికో కట్టిన పొట్లంతోపాటు వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

నాకు పెళ్ళికి ముందునుంచీ థైరాయిడ్. పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటాను. జ్వరం సంగతి సరే సరి.

కాగితం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది, దాన్ని చదును చేసిన చెయ్యి ఎవరిది అన్న ప్రశ్న. మావారు వంటింట్లోకి రారు. అంటే అత్తగారు చదివారు. చదివి, నేను చూడాలనే అక్కడ పెట్టారా? మర్నాటినుంచీ నేను మాత్ర మింగుతుంటే ఆవిడ నా గొంతు వైపే చూస్తున్నారనిపించేది.

"ఏం చూస్తున్నారండీ అత్తయ్యగారూ?"

"ఏంలేదమ్మాయ్. నీళ్ళు ఇంకాసిని తాగు."

మా నాన్నగారు తడి పట్టిన మిరపకాయలు చూసినప్పుడల్లా ఒక మాట అనేవారు. సరుకు చెడితే ముందు గోదాము చూడమని. ఆ మాట అప్పుడు ఎంత తెలివిగా వినిపించేదో! ఇప్పుడు గోదాము నేనే.

ఇదంతా ఇంత పట్టించుకోవడానికి కారణం ఉంది. అప్పటికి నాకు మళ్ళీ నెల తప్పింది. మావారికి చెప్పాను, అత్తగారికి చెప్పలేదు. నెలనెలా వంటింటికి దూరంగా కూర్చోవాల్సిన ఇంట్లో ఇలాంటి రహస్యం దాచగలననుకున్నాను చూడండి, అదీ నా తెలివి. ఈ బిడ్డని ఉంచుకోవాలా వద్దా అన్నది నన్ను తినేస్తోంది. బాబు అంటే నాకు ప్రాణం. కానీ వాడికి కావలసినంత నేను ఒక్కదాన్ని ఇవ్వగలనన్న నమ్మకమే నాకు లేదు. ఇద్దరైతే? నా రక్తమే అలాంటిదైతే, తెలిసి తెలిసి ఇంకొక బిడ్డని అందులో ముంచినదాన్ని అవుతానా?

"చూద్దాంలే" అన్నారు మావారు. ఆయన ఏ విషయానికైనా అదే అంటారు. చూడడం నా వంతు.

ఒకరోజు మధ్యాహ్నం అత్తగారు బియ్యంలో రాళ్ళేరుతూ, తల ఎత్తకుండా అన్నారు.

"అమ్మాయ్, బజారు వెనక మేడమీద ఎవరో రక్తపరీక్ష చేస్తున్నారట. తల్లి రక్తం చూసి, పిల్లాడికి ఎందుకలా అయిందో చెప్పేస్తారట. రెండోవాళ్ళకి వస్తుందో రాదో కూడా చెప్తారట."

"ఇప్పుడు రెండోవాళ్ళ మాట ఎందుకండీ?"

ఆవిడ చేట పక్కన పెట్టారు. "నాకు కళ్ళు లేవనుకున్నావా? వెళ్ళిరా. తెలిస్తే మంచిదేగా."

ఎవరికి మంచిది అని అడగలేదు. మనసులో మాత్రం రాసుకున్నాను. నాదే తప్పని ఎవరో మేడమీద మనిషి చేత చెప్పిస్తే ఈవిడకి తృప్తి కాబోలు అని.

మేడమీద మనిషి టై కట్టుకున్నాడు. ఏసీ గది, గోడమీద రంగురంగుల మెదడు బొమ్మ. ఏలూరులో ఇంత మెత్తగా మాట్లాడే మనిషి ఇంకొకడు ఉండడు. "తల్లి రక్తంలో దోషం ఉంటే బయటపడిపోతుందండీ. భయం లేదండీ. కోర్సు ఉందండీ. ఇంజెక్షన్లతో రక్తం శుభ్రం చేసేస్తామండీ" అన్నాడు. ధర చెప్పాడు. నేను మొహం పక్కకి తిప్పి, సంచీ సర్దుకుని, కుర్చీ లోంచి సగం లేచాను. ఇది నాకు పుట్టుకతో వచ్చిన విద్య. "మీకోసం సగం చేస్తానండీ" అన్నాడు. నేను ఇంకా నోరు విప్పలేదు. లేవగానే సగానికి దిగేవాడి దగ్గర సరుకుండదు.

కానీ వెంటనే నా మీద నాకే అనుమానం వచ్చింది. సరుకు నచ్చకపోతే దళారీని తిట్టడం కూడా మావాళ్ళకి అలవాటే. అతను చెప్పబోయే మాట వినడం ఇష్టంలేక నేనే వంక వెతుక్కుంటున్నానేమో. చెయ్యి చాచి రక్తం ఇచ్చాను. వారం తర్వాత రమ్మన్నాడు. మర్నాడు బాబుని తీసుకుని పాసింజరెక్కి గూడెం వెళ్ళాను.

నాన్నగారు అంతా విన్నారు. బాబు ఆయన తక్కెడ సిబ్బి తిప్పుకుంటున్నాడు.

"రక్తం ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను నాన్నగారూ."

"ఫలితం చెప్పలేదుగా?"

"ఇంకా లేదు."

"అయితే బేరం ఇంకా నడుస్తూనే ఉంది." చొక్కా చెయ్యి పైకి మడిచారు. "తెలిసిన మచ్చు పంపుదాం."

"ఎవరిది?"

"నాది."

లోపల్నుంచి అమ్మ బయటికొచ్చింది. ఆవిడకి ఎన్నేళ్ళనుంచో కీళ్ళవాతం, వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి. "ఆడవాళ్ళ రక్తం కదా కావలసింది. నాది పంపండి" అంది.

"నీది పనికిరాదు. నీకు కీళ్ళ జబ్బు ఉంది. ఆ కాగితంలో రాసినట్టు నీలో నిజంగానే ఏదైనా ఉండచ్చు. నేను మగాణ్ణి. ఎవర్నీ కడుపున మొయ్యలేదు. తల్లిదోషం నాలో కనబడిందన్నాడంటే వాడు నిలబడి అబద్ధమాడుతున్నట్టే."

"మరి మీ పేరు ఇస్తారా?"

"దీనికో చెల్లెలుందనుకో. ఆ పిల్లకో కొడుకు. వాడికీ మాటలు రావు."

"ఉన్న ఒక్క అల్లుడి మర్యాదలకే ప్రాణం పోతోంది. ఇంకో అల్లుడెందుకండీ?" అంది అమ్మ.

గూడెంలో ఆ మేడమీద సెంటరుకి రక్తాలు పోగుచేసి పంపేది మా పక్క మందుల కొట్టే. కొట్లో సూది వేసే అబ్బాయికి ఆ మనిషి మీద ఎప్పట్నుంచో అనుమానమట, ఎవరి రక్తం పంపినా మంచి మాట తిరిగి రాదని. సంగతి చెప్పగానే పకపకా నవ్వాడు. "ఏంటండీ బాబాయిగారూ, ఈ వయసులో తల్లి అవుదామనే!" అంటూనే సిరంజి తీశాడు. నాన్నగారు చెయ్యి చాచి, రక్తం తీస్తున్నంతసేపూ ఎంత తీస్తున్నాడో తూకం చూసినట్టు చూశారు. అలా మా నాన్నగారు లేని కూతుర్ని ఒకదాన్ని పుట్టించి, దానికి పేరు పెట్టి, తన రక్తం ఇచ్చి ఏలూరు పంపించారు.

వారం తర్వాత మావారిని వెంటబెట్టుకుని మేడ ఎక్కాను. టై మనిషి మొహం ముందే దిగులుగా పెట్టుకుని ఉన్నాడు.

"ఉందండీ" అన్నాడు. "మీలో ఉందండీ. అనుకున్నదే."

అబద్ధమే అయుండాలని నాన్నగారి సూది సాక్షిగా నాకు సగం తెలుసు. అయినా ఆ మాట చెవిన పడగానే నమ్మేశాను. మిగతా సగం అలాంటిది.

"మా చెల్లెలు గూడెంలో ఇచ్చిందండీ" అని లేని పిల్ల పేరు చెప్పాను.

వెతికాడు. నాలుక చప్పరించాడు. "అయ్యో. ఆవిడది మీకన్నా చాలా ఎక్కువండీ. ఆలస్యం చెయ్యకూడదండీ. ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా ఆవిడ?"

"లేదండీ. ఇంక ఆశ లేదు" అన్నారు మావారు, చాలా సౌమ్యంగా.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. భుజాలు అదురుతున్నాయి. అతను ఏడుస్తున్నాననుకున్నాడు. "ఏడవకండమ్మా. అన్నిటికీ దారి ఉంది. ఒకవేళ మీకిప్పుడు నెల తప్పి ఉంటే మాత్రం అది తీయించేసుకోండి. కోర్సు పూర్తయ్యాక మళ్ళీ చూసుకుందురుగాని" అన్నాడు, మజ్జిగలో ఉప్పు వేసుకోమన్నంత తేలిగ్గా.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. నాకంటే ముందు ఆ కుర్చీలో ఎంతమంది కూర్చున్నారో. వాళ్ళందరికీ పప్పుకొట్టు నాన్నగారు ఉండరు కదా.

మెట్లు దిగుతుంటే మావారు అడిగారు. "మీ నాన్నగారికి దోషం ఉందని మా అమ్మకి చెప్పాలా, వద్దా?"

నేనే చెప్పాను. చెప్పడమేంటి, గెలుచుకొచ్చినట్టు గుమ్మంలోనుంచే మొదలుపెట్టి అంతా వినిపించాను. ఆవిడ నవ్వుతారనో, కనీసం మొహం మాడ్చుకుంటారనో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"వాడు దొంగేనమ్మాయ్. సరే" అన్నారు. "మరి ఆ కాగితం సంగతి?"

"ఏ కాగితం?"

"చింతపండు కాగితం. మీ నాన్నగారు దళారీని పట్టుకున్నారు. సరుకు అలాగే ఉంది కదా."

మేడమీద మనిషి అబద్ధాలకోరు అయినంతమాత్రాన పేపర్లో రాసింది అబద్ధం కాదు. నకిలీ నెయ్యి అమ్మేవాణ్ణి పట్టుకున్నంతమాత్రాన లోకంలో నెయ్యే లేదనలేం. ఇంత చిన్న సంగతి పుట్టింటి విద్య అంతా వెలగబెట్టిన నాకు తట్టలేదు. ఆవిడకి తట్టింది. ఎందుకు తట్టింది? ఇంకా నా రక్తం వెంటే ఎందుకు పడుతున్నారు? నా అనుమానం తగ్గకపోగా వడ్డీతో పెరిగింది.

"డాక్టరమ్మ దగ్గరకి నేనూ వస్తాను" అన్నారు అత్తగారు. వద్దంటే ఆగే మనిషి కాదు.

విజయవాడలో డాక్టరమ్మగారు ముందు బాబుతో కాసేపు ఆడారు. నేను చింతపండు కాగితం తీసి బల్లమీద పరిచాను. ఆవిడ చదివి, చిరిగిన అంచు దగ్గర నవ్వారు.

"ఇదంతా అబద్ధమేగా డాక్టరుగారూ?"

"అబద్ధమని ఎవరు చెప్పారు? నిజంగానే చూస్తున్నారండీ. కొందరు తల్లుల రక్తంలో అలాంటి యాంటీబాడీలు కనిపిస్తున్నాయంటున్నారు. జ్వరాల మీద కూడా పనిచేస్తున్నారు. కానీ ఇంకా చూస్తూనే ఉన్నారు. ఒక తల్లి రక్తం తీసి, ఇదిగో నీ బిడ్డకి దీనివల్లే వచ్చింది అని చెప్పే పరీక్ష ఇప్పుడు మనకెవరి దగ్గరా లేదు. శుభ్రం చేసే ఇంజెక్షన్ అసలే లేదు."

"అయితే నా రక్తంలో ఉందా లేదా?"

"తెలియదు."

మళ్ళీ అదే మాట. ఈసారి నేను ఊరుకోలేదు. "పోనీ, సుమారుగా చెప్పండి."

"సుమారుగా కూడా తెలియదు. అలాంటివి ఉన్న తల్లులకి మామూలు పిల్లలు పుడుతున్నారు. ఆ ఏడాది మీ ఊళ్ళో కడుపుతో ఉండి జ్వరం వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారు? వాళ్ళ పిల్లల్లో ఎక్కువమంది మీ వీధిలోనే అల్లరి చేస్తుంటారు. ఇంకోమాట. దోషం, దోషం అంటున్నారు. మీ ఒళ్ళు జ్వరంతో పోరాడింది. అది దాని పని. పోరాడకపోతే మీరూ ఉండరు, వీడూ ఉండడు."

అప్పుడు అత్తగారు ముందుకి వంగారు. "ఒక్క మాట చెప్పండమ్మా. రక్తమా, జ్వరమా?"

"చెప్పలేనండీ అమ్మగారూ. అదో ఇదో కాకపోవచ్చు. పుట్టుకతో వచ్చే కారణాలు చాలా ఉంటాయి."

"కాదమ్మా, రెండిట్లో ఏదై ఉంటుంది? రక్తమేనేమో కదా?"

నాకు ఒళ్ళు మండింది. పరాయి ఊళ్ళో, పరాయి మనిషి ముందు, నా రక్తాన్ని ఇంత బతిమాలి దోషిని చెయ్యాలా?

డాక్టరమ్మగారు ఆవిడ వైపు కాసేపు చూసి, మళ్ళీ చెప్పలేనన్నారు. నేను నెల తప్పిన సంగతి చెప్పాను. "ఈ బిడ్డకి రాదని మాట ఇవ్వండి."

"ఇవ్వలేను. ఇంట్లో ఒకరికి ఉంటే రెండోవాళ్ళకి మిగతావాళ్ళకన్నా అవకాశం కొంచెం ఎక్కువే. అయినా చాలామందికి రాదు."

"ఆ కొంచెం తగ్గించుకునే దారి?"

"మీరు కూరగాయల బేరం చేస్తున్నట్టుందండీ." నవ్వారు. "థైరాయిడ్ మాత్ర మానకండి, మోతాదు సరిపోతోందో లేదో పరీక్ష చేయిస్తూ ఉండండి. జ్వరం వస్తే ఇంట్లో దాచుకోకుండా డాక్టరు దగ్గరకి పరిగెత్తండి. దోమతెర కట్టుకోండి. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు. ఉంచుకోవాలా వద్దా అన్నది మీ భార్యాభర్తలిద్దరూ ఆలోచించుకోండి. నేను భయపెట్టనూ భయపెట్టను, ధైర్యం అమ్మనూ అమ్మను."

నా బతుకులో, నా దగ్గర లేదు అని మొహమ్మీద చెప్పి, ఉన్న నాలుగూ మాత్రం చేతిలో పెట్టిన కొట్టు అదొక్కటే. బయటికి వచ్చేసరికి బిడ్డని ఉంచుకుందామనే నిశ్చయం నాలో ఉంది. ధైర్యంతో వచ్చిన నిశ్చయం కాదు. హామీ లేదని తెలిసి కొనే సరుకుని ఎవరి మీదా నెట్టలేం, మనమే మోసుకోవాలి. ఆ లెక్క నాకు అర్థమైంది.

తిరుగు రైల్లో బాబు కిటికీ పక్కన కూర్చుని టిఫిను డబ్బా మూత తిప్పుతున్నాడు. అత్తగారు అటువైపు చూస్తున్నారు. నేను మనసులో ఉన్నది ఆపుకోలేకపోయాను.

"రక్తమే, రక్తమే అని అంతలా అడిగారేం అత్తయ్యగారూ? నాదే తప్పని తేలిస్తే మీకేం వస్తుంది?"

ఆవిడ వట్లూరు దాటాక, ఏలూరు ఇంకాస్త దూరంలో ఉందనగా అన్నారు.

"జ్వరం అయితే నేనే కదమ్మాయ్."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నువ్వు రానన్నావు. నలుగురూ ఏమనుకుంటారని కైకలూరు లాక్కెళ్ళింది నేనే. ఆ చెరువుల మధ్య, ఆ దోమల్లో. వీడు పిలిస్తే తిరగడని తెలిసిన రోజునుంచీ అదే. ఆ కాగితం చదివాక మరీను. రక్తమే అంటే నువ్వేం చేసింది కాదు, దేవుడిచ్చిన ఒళ్ళు, ఎవరూ ఏమీ అనలేరు. జ్వరమంటే..." బాబు మూత కింద పడింది. ఆవిడ వంగి తీసి, వాడి చేతిలో పెట్టారు. "నువ్వు మాత్ర మింగినప్పుడల్లా దణ్ణం పెట్టుకునేదాన్ని, అదే కారణం కావాలని."

నేను అన్నాళ్ళు ఆవిడ చూపుని బస్తాలా గుచ్చి గుచ్చి చూశాను. ఆ గొట్టానికి ఇది ఎప్పుడూ తగల్లేదు.

"దోమ కైకలూరులోనే కుట్టిందని ఎవరు చూశారండీ? మన వీధిలో దోమలు తక్కువా?" అన్నాను.

"నువ్వు ఊరికే అంటున్నావు."

"ఊరికే కాదండీ. డాక్టరమ్మకే తెలియంది మనకెలా తెలుస్తుంది?"

ఆవిడ నమ్మలేదు. నమ్మినట్టు తల మాత్రం ఊపారు. తెలియని సరుకు గురించి ఎవరేం చెప్పినా ఊపాలి కదా.

ఆ తర్వాతి నెలల్లో దోమల విషయంలో మా అత్తగారి పాలన ఎలాంటిదో చెబితే నమ్మరు. తలుపులకి జాలీ, కిటికీలకి జాలీ, నేను పడుకునే మంచానికి తెర, ఆ తెరకి ఇంకో తెర. సాయంత్రం అయ్యేసరికి సాంబ్రాణి పొగలో కొట్టుకొచ్చినవాళ్ళు దగ్గుకుంటూ బేరమాడేవారు. నా నుదుటి మీద చెయ్యి వేసి చూడకుండా ఆవిడ పక్కకి వెళ్ళేవారు కాదు. కైకలూరునుంచి తోడికోడలు ఫోను చేసి, "ఒకసారి రావే" అంటే, ఆవిడే రిసీవరు లాక్కుని, "ఎవరూ ఎక్కడికీ రారు. నలుగురూ ఏమైనా అనుకోనీ" అన్నారు.

అమ్మాయి పుట్టింది. తెల్లగా, సన్నగా, పెద్ద గొంతుతో. అందరూ సంతోషించారు. నేను కూడా సంతోషించాను, కాకపోతే బస్తా మూతి దగ్గర నిలబడి సంతోషించినట్టు. పుట్టినప్పుడు బాబు కూడా బాగానే ఉన్నాడు కదా. పాప నవ్వితే నన్ను చూసి నవ్విందా, ఫాను చూసి నవ్విందా అని లేచి ఫాను ఆపి చూసేదాన్ని. ఇలా ఉండకూడదని తెలుసు. తెలిసి ఏం లాభం?

పాపకి తొమ్మిదో నెల వచ్చాక ఒకరోజు మధ్యాహ్నం కొట్టులో కాస్త రద్దీ తగ్గాక లోపలికి వచ్చాను. ఎవరూ లేనప్పుడు, పాప అటు తిరిగి ఆడుకుంటున్నప్పుడు, వెనకనుంచి మెల్లిగా పేరు పెట్టి పిలిచి చూడాలని నా ఆలోచన. మావారికి చెబితే చూద్దాంలే అంటారు, అత్తగారికి చెబితే హడలిపోతారు. అందుకని చెప్పలేదు. చెప్పులు గుమ్మంలోనే వదిలి, అడుగు చప్పుడు కాకుండా వెళ్ళాను.

తలుపు కర్టెను వెనక అప్పటికే ఒక మనిషి ఉంది. చీర కుచ్చిళ్ళు కింద కనిపిస్తున్నాయి. అత్తగారు కర్టెను చాటున నక్కి, గొంతు బాగా తగ్గించి పాపని పిలుస్తున్నారు.

నన్ను చూసి ఉలిక్కిపడ్డారు. ఒకే బస్తాని దొంగచాటుగా గుచ్చడానికి వచ్చి ఎదురుపడ్డ ఇద్దరు వ్యాపారుల్లా మొహాలు చూసుకున్నాం.

"ఎన్నాళ్ళనుంచండీ ఇది?" అన్నాను గుసగుసగా.

"నువ్వెన్నాళ్ళనుంచో అన్నాళ్ళనుంచి."

"తిరిగిందా?"

"తిరిగింది. కానీ..." ఆవిడ కళ్ళతో చూపించారు. పాప పక్కనే బాబు కూర్చుని గిన్నె మూత తిప్పుతున్నాడు. అది పడి గలగలమన్నప్పుడల్లా పాప అటే తిరుగుతోంది. "పిలుపుకి తిరిగిందో, మూతకి తిరిగిందో."

నేను వెళ్ళి బాబు ముందు అరచెయ్యి చాపాను. టీచరమ్మ నేర్పినట్టు, ఒక్కటే మాట. "ఇవ్వు."

వాడు నా చెయ్యి చూశాడు. మూత చూశాడు. ఇవ్వడానికి వాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఇంకొక్కసారి తిప్పి, పూర్తిగా ఆగేదాకా చూసి, నా చేతిలో పెట్టాడు. మూత వెచ్చగా ఉంది. మామూలు రోజైతే ఆ ఒక్కదానికే వీధి అంతా చెప్పుకునేదాన్ని.

ఇల్లు నిశ్శబ్దమైంది. పాప అటువైపు తిరిగి చాప అంచు పీకుతోంది. నేను మళ్ళీ కర్టెను చాటుకి వచ్చి తల ఊపాను. అత్తగారు గొంతు సవరించుకోవడానికి కూడా భయపడి, అలాగే మెల్లిగా పిలిచారు.

పాప చాప వదిలేసి వెనక్కి తిరిగింది. కర్టెను వైపు చూసి, పళ్ళులేని నోటితో నవ్వింది.

అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "చూశావా? చూశావా అమ్మాయ్?"

"చూశానండీ" అన్నాను. "ఇంకోసారి పిలవండి."